ఎండ ఉచితం, బ్యాటరీ కాదు

ఉద్యోగం కోసం మిన్నెసోటా వెళ్ళిన మన తెలుగువాళ్ళకు మొదటి రెండు చలికాలాలు హీటర్ ముందు ముడుచుకు కూర్చోవడంతోనే సరిపోతాయి. మూడో ఏడాది ఎవరో ఒక అమెరికన్ కొలీగు గడ్డకట్టిన చెరువు మీదికి చేపలు పట్టడానికి లాక్కెళతాడు. మంచు మీద చిన్న చెక్క గుడిసె, మంచుకు కన్నం, కన్నంలో గాలం. అక్కడ కరెంటు ఉండదు. ఒక లైటు, చేప ఎంత లోతులో ఉందో చూపించే సోనార్ పెట్టె, ఫోన్ చార్జింగు, వీటికి ఒక 12 వోల్టుల బ్యాటరీ. ఆ బ్యాటరీ దిగిపోకుండా పైకప్పు మీద ఒక సోలార్ పలక. ఇంజనీరు బుర్రలు కదా, గుడిసెలో కూర్చోగానే చేపల సంగతి వదిలేసి "పలక ఎన్ని వాట్లది పెట్టాలి?" అన్న చర్చలో పడిపోతాం.

నేను గమనించిందేమిటంటే, ఎక్కడైనా మొదటి ప్రశ్న పలక గురించే. బ్యాటరీ గురించి అడిగేవాడు లేడు. మిన్నెసోటా మంచు మీదా అంతే, మా ఆలేరు ఎండలోనూ అంతే. నలభై యేళ్ళుగా మన ఊళ్ళల్లో పాతిన సోలార్ దీపాల కథ చూస్తే, వాటిలో చచ్చినవి చాలావరకు పలక వల్ల చావలేదు, కింద పెట్టెలో ఉన్న బ్యాటరీ వల్ల చచ్చాయి. అందుకే సోలార్ చరిత్ర అని మనం చెప్పుకునేదాన్ని బ్యాటరీ వైపు నుంచి ఒకసారి చెప్పుకోవాలని ఈ ప్రయత్నం.

ముందు ఆ మంచు గుడిసె లెక్క తేల్చేద్దాం, తర్వాత ఊరికి వద్దాం.

పది వాట్ల ఎల్ఈడీ లైటు ఆరు గంటలు, సోనార్ ఇంచుమించు అంతే, ఫోన్లు కలుపుకుని రోజుకు సుమారు 150 వాట్-అవర్లు అనుకుందాం. 100 వాట్ల పలక పెడితే డిసెంబరులో అక్కడ మబ్బు లేని రోజున ఏ రెండున్నర గంటల నిండు ఎండకో సమానమైన వెలుగు దొరుకుతుంది. నష్టాలు పోను 170 దాకా వస్తుంది. బొటాబొటీగా సరిపోయింది. తమాషా ఏమిటంటే చలి పలకకు మంచిదే. సిలికాన్ పలక చల్లబడిన కొద్దీ ఎక్కువ ఇస్తుంది, ఒక్కో డిగ్రీకి 0.4 శాతం చొప్పున. చిక్కంతా బ్యాటరీతోనే. 12 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీలో కాగితం మీద 1,200 వాట్-అవర్లుంటాయి. అది ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు, అంటే 600. మైనస్ 20 డిగ్రీల చలిలో అందులోనూ దాదాపు సగం పోతుంది, మిగిలింది 300. అంటే రెండు రోజులు మబ్బు పడితే గుడిసె చీకటి. ఇంకా ఘోరం, పూర్తిగా దిగిపోయిన సీసం బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్ళే కాబట్టి అది గడ్డకట్టి పగిలిపోతుంది. నిండుగా చార్జి అయిన బ్యాటరీకి ఆ భయం లేదు. పోనీ లిథియం పెడదామా అంటే, మామూలు లిథియం సెల్‌ను సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే పాడవుతుంది.

ఇప్పుడు ఆలేరు లెక్క. అన్నీ తలకిందులు. ఏడాది సగటు తీస్తే మన దగ్గర రోజుకు అయిదు గంటల నిండు ఎండ ఉన్నట్టే. మే నెలలో పలక 60 డిగ్రీలు దాటి కాలిపోతుంది కాబట్టి ఇవ్వాల్సినదాంట్లో ఏడో వంతు దాకా తగ్గించి ఇస్తుంది. అది పెద్ద నష్టం కాదు, ఎండ దండిగా ఉంది. బ్యాటరీకి మాత్రం ఈ వేడి విషం. సీసం బ్యాటరీని 25 డిగ్రీల దగ్గర ఉంచితే ఎన్నేళ్ళు మన్నుతుందో, అంతకంటే ఎనిమిది పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు ఎప్పటినుంచో చెప్పే లెక్క. 43 డిగ్రీల ఎండలో, స్తంభానికి బిగించిన ఇనుప పెట్టెలో, నీడ లేకుండా పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మిన్నెసోటాలో బ్యాటరీ చలికి మొద్దుబారుతుంది, ఆలేరులో ఎండకు తొందరగా ముసలిదవుతుంది. రెండు చోట్లా పలక మాత్రం బాగానే ఉంటుంది.

సరే, చరిత్రకు వద్దాం.

ఆలేరుకి బ్యాటరీ ఎక్కడినుంచి వచ్చింది? నా లెక్కలో రైలు కింద వేలాడుతూ వచ్చింది. నిజాం రైల్వే సికింద్రాబాదు నుంచి వరంగల్లు మీదుగా వేసిన లైను 1889లో బెజవాడ చేరింది. ఆ లైను మీదే మా ఆలేరు స్టేషను. రైలుతోపాటు తంతి, తంతితోపాటు తంతి సెల్‌లు. ఇరవయ్యో శతాబ్దంలో పెట్టెల్లో కరెంటు దీపాలు వచ్చాక ప్రతి పెట్టె కింద సీసం బ్యాటరీలు, చక్రం ఇరుసుకు బెల్టుతో తిరిగే డైనమో. బండి పరిగెడుతుంటే డైనమో లైట్లు వెలిగిస్తూ బ్యాటరీ నింపుతుంది. స్టేషన్లో ఆగితే బ్యాటరీ లైట్లను మోస్తుంది. పాత పాసింజర్లలో తిరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, సిగ్నల్ దొరక్క బండి ఎక్కువసేపు నిలబడితే బల్బులు ఎర్రబడి, నీరసపడి, మళ్ళీ బండి కదిలాక తేరుకునేవి.

ఈ ఏర్పాటును కాస్త జాగ్రత్తగా చూడండి. వస్తూ పోతూ ఉండే ఒక శక్తి, ఎప్పుడూ కావాల్సిన ఒక దీపం, మధ్యలో బ్యాటరీ. ఇరుసు తీసేసి సూర్యుణ్ణి పెడితే అదే సోలార్ దీపం. అంటే దీని డిజైను ఏ అమెరికా లాబులోనో పుట్టకముందే ఆలేరు స్టేషన్లో రోజూ ఆగి వెళ్ళేది. ఇంకొకటి, రైల్వేలో ఆ బ్యాటరీల కోసం ప్రత్యేకంగా మనుషులుండేవాళ్ళు. డిపోలో వంగి, మూత తీసి, నీళ్ళు చూసి, సాంద్రత కొలిచి, రిజిస్టరులో రాసేవాళ్ళు. ఆ రిజిస్టరును గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

రైలు తర్వాత రేడియో. ట్రాన్సిస్టర్లు రాకముందు, కరెంటు లేని ఊళ్ళో వాల్వు రేడియో మోగాలంటే బ్యాటరీ కావాలి, దాన్ని టౌనుకు మోసుకెళ్ళి చార్జింగు పెట్టించుకు రావాలి. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి. 1987-88లో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ టైముకు కరెంటు లేకపోతే ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించిన ఊళ్ళు మన దేశంలో కోకొల్లలు. బస్టాండు పక్కన బ్యాటరీ చార్జింగు షాపు అంటే మన పట్టణాల్లో సైకిల్ పంక్చరు షాపంత మామూలు విషయం. అక్కడ యాసిడ్‌తో చిల్లులు పడ్డ చొక్కా వేసుకున్న మనిషి ఒకడుంటాడు. బ్యాటరీ నాడి పట్టుకుని చూసే ఊరి వైద్యుడు ఆయనే.

ఇక సోలార్ వైపు. 1954 ఏప్రిల్ 25న అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు మొదటి పనికొచ్చే సిలికాన్ సెల్ చూపించారు. చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అని ముగ్గురు చేశారు. పడిన ఎండలో ఆరు శాతం కరెంటుగా మారింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? "బెల్ సోలార్ బ్యాటరీ". దాంట్లో బ్యాటరీ ఏమీ లేదు, అది ఉత్త పలక! ఈ గందరగోళం పుట్టుకతోనే వచ్చిందన్నమాట. మరుసటి ఏడు, 1955 అక్టోబరులో జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే ఊళ్ళో పల్లె టెలిఫోన్ లైనుకు దాన్ని బిగించి చూశారు. రాత్రిపూట కూడా ఫోను మోగాలి కదా, అందుకని నిజమైన బ్యాటరీలు పక్కన పెట్టాల్సి వచ్చింది. సాంకేతికంగా పనిచేసింది, ఖర్చుకు మాత్రం నిలబడలేదు.

తర్వాత అంతరిక్షం. 1958 మార్చి 17న అమెరికా వాన్‌గార్డ్-1 అనే చిన్న ఉపగ్రహాన్ని పంపింది, బత్తాయి పండంత. అందులో రెండు ట్రాన్స్‌మిటర్లు. ఒకటి బ్యాటరీతో, ఒకటి సోలార్ సెల్స్‌తో. బ్యాటరీది జూన్ వచ్చేసరికి మూగబోయింది. సోలార్‌ది 1964 దాకా పాడుతూనే ఉంది. నన్నడిగితే ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఆ బత్తాయి పండులోనే ఉంది. కాకపోతే ఆ రెండో ట్రాన్స్‌మిటరు ఎండ తగిలినప్పుడే పాడేది, భూమి నీడలోకి వెళితే నోరు మూసుకునేది. పలకకు ఆయుష్షుంది గానీ జ్ఞాపకం లేదు.

భూమ్మీద పలకకు మొదటి నిజమైన గిరాకీ మన మంచు గుడిసెలాంటి చోట్లనుంచే వచ్చింది. తీగ వెయ్యలేని, మనిషి రోజూ వెళ్ళలేని, చిన్న దీపం మాత్రం తప్పనిసరిగా వెలగాల్సిన చోట్లు. 1966లో జపాన్‌లో షార్ప్ కంపెనీ ఓగామి దీవి లైట్‌హౌసుకు 225 వాట్ల పలకలు బిగించింది. 1973లో ఇలియట్ బెర్మన్ అనే ఆయన ఎక్సాన్ డబ్బుతో సోలార్ పవర్ కార్పొరేషన్ పెట్టి, వాటుకు వంద డాలర్లున్న ధరను ఇరవైకి దించాడు. ఆయన మొదటి పెద్ద కస్టమర్లు సముద్రంలో చమురు వేదికల వాళ్ళు. అంతకుముందు వాళ్ళు హెచ్చరిక దీపాలకు పెద్ద పెద్ద బ్యాటరీలు పడవల్లో మోసుకెళ్ళి, అయిపోగానే మార్చేవాళ్ళు. పలక వచ్చి బ్యాటరీని తీసెయ్యలేదు. మార్చే బ్యాటరీ పోయి, చార్జి అయ్యే బ్యాటరీ వచ్చింది. అక్కడ ఇది ఎందుకు నిలిచిందంటే, దీపం ఆరితే ఓడ వచ్చి గుద్దుతుంది. కాబట్టి బ్యాటరీని చూసుకునే మనిషికి జీతం ఇవ్వడానికి కంపెనీ వెనుకాడదు.

మన దేశానికొస్తే, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చూపించారు, తెలుగులో కూడా. పైనున్న ఉపగ్రహం సోలార్ పలకలతో, బ్యాటరీలతో నిక్షేపంగా నడిచింది. కింద మన పల్లెల్లో చాలా ఇళ్ళల్లో అప్పటికి కందిలి, బుడ్డి దీపం, గ్యాసునూనె. ఆకాశంలో ఉన్న టెక్నాలజీ నేలకు దిగడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

సాహిబాబాద్‌లో 1974లో పెట్టిన ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లో సోలార్ సెల్, 1978లో పలక తయారుచేసింది. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధనాలకు ప్రత్యేక విభాగం, 1992లో అదే మంత్రిత్వ శాఖ. మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లో నెడ్‌క్యాప్. ఊరి బయట స్తంభం, దాని మీద నల్ల పలక, కింద ట్యూబులాంటి లైటు, పక్కన తాళం వేసిన ఇనుప పెట్టె. ఎనభైలు, తొంభైల్లో పెరిగిన మనవాళ్ళందరికీ ఈ బొమ్మ గుర్తుంటుంది.

ఆ వీధి దీపం డిజైనులో తప్పు ఉందా అని లెక్క వేద్దాం. ప్రభుత్వం ఖరారు చేసిన మోడల్లో 74 వాట్ల పలక, 12 వోల్టులు 75 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, 11 వాట్ల సీఎఫ్ఎల్. అయిదు గంటల ఎండకు పలక 370 వాట్-అవర్లు ఇస్తుంది, నష్టాలు పోయినా 250 మిగులుతుంది. రాత్రంతా, పన్నెండు గంటలు దీపం వెలిగితే ఖర్చు 150 లోపు. బ్యాటరీలో 900 ఉంది. అంటే వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టినా దీపం ఆగకూడదు. కాగితం మీద చక్కటి డిజైను. చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కాదు.

మరి ఎందుకు ఆరిపోయాయి? డిజైను డాక్యుమెంటులో లేని విషయాల వల్ల. బ్యాటరీలో కొన్ని నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. ఎవరు పోస్తారు? పంచాయతీకి ఆ పద్దు లేదు. పోసినా కొన్నిచోట్ల దగ్గర్లో ఉన్న బోరు నీళ్ళే పోస్తారు. నల్గొండ జిల్లా బోరు నీళ్ళ ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే వంచింది, ఆ నీళ్ళల్లోని లవణాలు సీసం పలకలను ఊరికే వదులుతాయా? బ్యాటరీ దిగిపోయి అలాగే పడి ఉంటే లోపల సల్ఫేటు గట్టిపడి మళ్ళీ ఎండ వచ్చినా ఎక్కదు. పలక మీద దుమ్ము తుడిచేవాడు లేడు. పక్కన వేపచెట్టు పెరిగి నీడ పడింది. ఇక దొంగలు. పలకను దొంగ ఏం చేసుకుంటాడు? బ్యాటరీని మాత్రం ట్రాక్టరుకు పెట్టుకోవచ్చు, లేదంటే సీసం కింద కిలోల్లెక్కన అమ్ముకోవచ్చు. అన్నీ బాగుండి, ఎవరూ ఎత్తుకుపోకపోయినా నాలుగయిదేళ్ళకు బ్యాటరీ మార్చాల్సిందే. సబ్సిడీ మొదటి బ్యాటరీకి ఉంటుంది. రెండో బ్యాటరీకి ఉండదు. ప్రారంభోత్సవం కూడా ఉండదు కదా, ఫొటో ఎవరు దిగుతారు!

రైల్వే డిపోలో రిజిస్టరు గుర్తుందా? అదే ఇక్కడ లేనిది. అదే సోలార్ పలక, అదే సీసం బ్యాటరీ రైల్వే గేటు దగ్గరా, సిగ్నల్ దగ్గరా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అక్కడినుంచి కూతవేటు దూరంలో పంచాయతీ వాళ్ళ వీధిదీపం ఆరిపోతుంది. ఎండ ఒకటే, ఊరొకటే. తేడా టెక్నాలజీలో లేదు, చూసుకునే మనిషిలో ఉంది. మన భాషలో చెప్పాలంటే, డెవలప్‌మెంటుకు బడ్జెట్ ఇచ్చి మెయింటెనెన్సుకు ఇవ్వని ప్రాజెక్టు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళిన రోజే టీమును రిలీజ్ చేసేశారు.

దీని వల్ల ఎవరికి నష్టం? వీధి దీపం ఆరితే టార్చి పట్టుకుని నడుస్తాం. ఇంటి దీపం సంగతి వేరు. ఆలేరు, పోచంపల్లి, పుట్టపాక వైపు గుంట మగ్గం ఉన్న ఇళ్ళు చూసినవాళ్ళకు తెలుసు, పట్టపగలు కూడా మగ్గం గదిలో వెలుతురు అంతంతమాత్రం. అద్దకం చేసిన నూలు పోగు పోగుకూ చూసి జరుపుకోవాలి, లేకపోతే చీర మీద డిజైను చెదిరిపోతుంది. అలాంటి ఇంట్లో రెండు 9 వాట్ల లైట్లంటే కూలి కింద లెక్క. కృష్ణా దాటే ముందు, అమ్రాబాద్ అడవిలో చెంచు పెంటలున్నాయి. పులుల అడవిలోంచి కరెంటు తీగ లాగడం అంత తేలిక కాదు, అక్కడ సోలార్ దీపమే దిక్కు. ఆ దీపం ఆరితే మళ్ళీ పొయ్యి మంట వెలుగే. "సోలార్ అంటే మన్నదు" అనే మాట ఇలాంటి చోట్ల పుట్టింది. పాపం, సోలార్ తప్పేమీ లేదు.

మరి ఎక్కడా నిలబడలేదా అంటే, నిలబడ్డ చోట్లున్నాయి. 1995లో బెంగళూరులో హరీశ్ హందే, నెవిల్ విలియమ్స్ మొదలుపెట్టిన సెల్కో కంపెనీ దీపాలను ఉచితంగా ఇవ్వలేదు. బ్యాంకు అప్పు ఇప్పించి అమ్మింది, దగ్గర్లో సర్వీసు సెంటరు పెట్టింది. కొనుక్కున్న మనిషి నిలదీస్తాడు, నిలదీస్తే మెకానిక్ వస్తాడు. హందేకు 2011లో మెగసెసే అవార్డు ఇచ్చారు. 2008లో టెరి సంస్థ మొదలుపెట్టిన పథకంలో ఇంకో పద్ధతి. ఊళ్ళో ఒకరి ఇంటి మీద పలకలు, పగలంతా లాంతర్లు అక్కడే చార్జి అవుతాయి, సాయంత్రం అద్దెకు తీసుకెళ్ళడం, పొద్దున తెచ్చి ఇవ్వడం. ఇదేమిటి మరి? మన బస్టాండు పక్కన చార్జింగు షాపే! యాసిడ్ చొక్కా మనిషిని మళ్ళీ కథలోకి తెచ్చారు. నిలబడిన ప్రతిచోటా బ్యాటరీకి ఒక యజమాని, ఒక వైద్యుడు ఉన్నారు.

తర్వాత వచ్చింది మనందరికీ తెలిసిన ఇన్వర్టర్ల కాలం. 2014 ముందు ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు గుర్తున్నాయా? హైదరాబాదు అపార్టుమెంటు నుంచి ఆలేరు కిరాణా కొట్టు దాకా హాల్లో ఒక మూల తెల్ల పెట్టె, కింద నల్ల బ్యాటరీ. ఒక్క మాట చెప్పుకోవాలి. ఇన్వర్టరు కరెంటు పుట్టించదు. కరెంటు ఉన్నప్పుడు 100 తీసుకుని, లేనప్పుడు 65-70 ఇస్తుంది. మిగతాది వేడి. అందరి బ్యాటరీలూ ఒకేసారి చార్జింగుకు ఎగబడితే అసలే కొరతలో ఉన్న గ్రిడ్ మీద ఇంకో బరువు. అయినా మనం పెట్టుకున్నాం, నీళ్ళు కూడా శ్రద్ధగా పోసుకున్నాం. ఎందుకంటే అది మన ఇంట్లో ఉంది, మన డబ్బుతో కొన్నది. స్తంభం మీది బ్యాటరీకి దక్కని శ్రద్ధ హాల్లో బ్యాటరీకి దక్కింది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు మొదలైంది. అప్పటికి ఇళ్ళల్లో కోతలు బాగా తగ్గిపోయాయి. ఇన్వర్టర్లు దుమ్ము పట్టాయి. ఇక బ్యాటరీ కథ ముగిసిందనుకున్నాం. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. ఇప్పుడు ఆలేరులో మేడ ఇల్లు ఉన్నవాళ్ళు, అమెరికాలో కొడుకులున్నవాళ్ళు పలకలు పెట్టించుకుంటున్నారు. మీరూ అమ్మానాన్నలకు పెట్టిస్తూ ఉండొచ్చు. పెట్టించేముందు ఒక్క ప్రశ్న అడగండి: కరెంటు పోతే ఇది పనిచేస్తుందా?

ఈ పథకం కింద పెడుతున్నవాటిలో ఎక్కువ భాగం బ్యాటరీ లేనివి, అలాంటివి పనిచెయ్యవు. మిట్టమధ్యాహ్నం, నెత్తిన నిప్పులు చెరిగే ఎండలో, మేడ మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టుకుని కింద చెమటలు కక్కుతూ కూర్చోవాల్సిందే. ఇది మోసం కాదు, రక్షణ. లైను బాగుచెయ్యడానికి లైన్‌మన్ స్తంభమెక్కి ఉంటాడు. మన ఇంటి మీదినుంచి కరెంటు వెనక్కి పారితే ఆయన ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ పోగానే ఆ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఇక్కడ గ్రిడ్డే మన బ్యాటరీ. పగలు మిగిలింది దానికిచ్చి రాత్రి దాన్నుంచి తీసుకుంటున్నాం. ఆ పెద్ద బ్యాటరీకి నీళ్ళు ఎవరు పోస్తున్నారన్నదే ప్రశ్న.

నిజంగానే నీళ్ళు పోసే బ్యాటరీ మన నల్గొండ జిల్లాలోనే ఉంది. నాగార్జునసాగర్ పవర్‌హౌసులో ఎనిమిది యూనిట్లుంటే ఏడు వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళను పైకి తోడి, కావాల్సినప్పుడు మళ్ళీ వదలొచ్చు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం కూడా అలాంటిదే, 150 మెగావాట్లవి ఆరు, మొత్తం 900. ఇంత పెద్ద కేంద్రానికి కూడా తన కంట్రోలు ప్యానెళ్ళు నడవడానికి మామూలు బ్యాటరీలు కావాలి. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది చనిపోయారు. ఆ రాత్రి జరుగుతున్నది బ్యాటరీల పని. పోయినవాళ్ళలో ఇద్దరు ఆ పని మీదే వచ్చిన బ్యాటరీ కంపెనీ కుర్రాళ్ళు. బ్యాటరీని చూసుకునేవాళ్ళు ఉంటారని మనకు తెలిసేది ఇలాంటప్పుడే.

బ్యాటరీ అక్కర్లేని దారులు లేకపోలేదు. 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో రాష్ట్ర ప్రభుత్వం ఇందిర సౌర గిరి జల వికాసం ప్రారంభించింది, గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్లు. పంపుకు బ్యాటరీ అక్కర్లేదు. ఎండ ఉన్నప్పుడు నీళ్ళు తోడితే చాలు, రాత్రికి దాచుకోవాల్సింది నీళ్ళనే. చెరువో, కుంటో, తడిసిన మన్నో బ్యాటరీ అయిపోతుంది. దీపానికి ఈ సౌకర్యం లేదు, వెలుగును తొట్టిలో పోసి దాచలేం. సూర్యుడు పోయాకే దీపం కావాలి.

అందుకే బ్యాటరీ మళ్ళీ వస్తోంది, ఈసారి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వేషంలో. నీళ్ళు పొయ్యక్కర్లేదు, సీసం కంటే ఎన్నో రెట్లు ఎక్కువసార్లు ఎక్కి దిగుతుంది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మే 6న అమరరాజా కంపెనీ లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. పదేళ్ళలో 9,500 కోట్లు, 16 గిగావాట్-అవర్ల సెల్‌లు అని చెప్పారు. పేరులోనే దివిటీ ఉన్న ఊరు, కుదిరింది :) ఒకప్పుడు పాలమూరు అంటే వలస కూలీలే గుర్తొచ్చేవాళ్ళు, ఇప్పుడు బ్యాటరీ గుర్తొచ్చే రోజు వస్తే సంతోషమే.

అయితే కొత్త బ్యాటరీకి కూడా ఎండ పడదు, దానికీ ఆయుష్షు ఉంటుంది. అయిదేళ్ళకు బదులు పన్నెండేళ్ళు అనుకుందాం. పన్నెండో ఏడు వస్తుంది. అప్పుడు దాన్ని మార్చడానికి డబ్బెవరు పక్కన పెట్టారు, విప్పి చూడ్డం ఎవరికి వచ్చు, పాతదాన్ని ఎవరు తీసుకుంటారు? సీసానికి పాత ఇనుము కొట్టుదాకా దారుంది, కిలో లెక్కన డబ్బులొస్తాయి. లిథియానికి మన టౌనుల్లో ఇంకా ఆ దారి పడలేదు. యాసిడ్ చొక్కా మనిషికి కొత్త చదువు చెప్పాలి. మన ఐటీఐల్లో ఆ కోర్సు ఉందా లేదా అన్నది, మేడ మీద ఎన్ని కిలోవాట్లు అన్నదానికంటే నాకు పెద్ద విషయంగా కనిపిస్తోంది.

కాబట్టి మంచు గుడిసెకైనా, ఆలేరులో అమ్మవాళ్ళ మేడకైనా, పంచాయతీ స్తంభానికైనా ప్రశ్నల వరుస మార్చుకుందాం. పలక ఎన్ని వాట్లు అన్నది చివర అడగొచ్చు, షాపువాడు ఎలాగూ సరైనదే ఇస్తాడు. ముందు అడగాల్సినవి మూడు. బ్యాటరీ ఉందా? ఉంటే నీడలో ఉందా? అది చచ్చిపోయిన రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలి? మూడోదానికి ఒక పేరు, ఒక నంబరు చెప్పగలిగితే కొనండి. చెప్పలేకపోతే కందిలి ఇంకా అటక మీద ఉందేమో చూసుకోండి.